మంచం కింద అతిథి

ధర్మరాజు వెంట స్వర్గం గుమ్మం దాకా నడిచిన కుక్క కథ తెలియని తెలుగిల్లు ఉండదు. మహాభారతం చివర్లో వచ్చే ఆ కుక్క అందరికీ గుర్తే. మొదట్లో వచ్చే కుక్కపిల్ల మాత్రం అంతగా గుర్తుండదు. జనమేజయుడు యాగం చేస్తుంటే దేవలోకపు కుక్క సరమ బిడ్డ అక్కడికొచ్చి ఆడుకుంటుంది. హవిస్సు ముట్టలేదు, ఎవరినీ కరవలేదు. అయినా రాజుగారి తమ్ముళ్లు దాన్ని కొట్టి తరిమారు. తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి నిలదీసింది. ఏ పాపం ఎరగని దాన్ని కొట్టారు కనుక మీకూ అనుకోని భయం వచ్చి పడుతుందని శపించింది. నన్నయ తెలుగు భారతంలోనూ ఈ కథ ఉంది.

దెబ్బలు తిన్న ఆ బిడ్డ తర్వాత ఏమైందో కథ చెప్పదు. బహుశా మనిషి అడుగు చప్పుడు వింటేనే మూలకు ముడుచుకుపోయి ఉంటుంది. అలాంటి కుక్కలు ప్రతి జంతు సంరక్షణ కేంద్రంలోనూ కనిపిస్తాయి. అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన హైదరాబాద్ బ్లూక్రాస్ కావచ్చు, 1996 నుంచి పనిచేస్తున్న విశాఖ జంతు సంరక్షణ సంఘం కావచ్చు... ఇలాంటి చోట్లకు దత్తత కోసం వచ్చేవాళ్ల చూపు తోక ఊపుకుంటూ ఎదురొచ్చే కుక్క మీదే పడుతుంది. గోడకేసి తిరిగి కూర్చున్న దాన్ని ఎవరడుగుతారు? దానికి తోడు చుట్టూ పదుల కుక్కల అరుపులు. భయం తగ్గాల్సిన చోటే పెరుగుతుంది. దాన్ని అక్కణ్నుంచి తెచ్చి కొన్నాళ్లు ఇంట్లో ఉంచి, మనుషుల్ని అలవాటు చేసి, శాశ్వతంగా పెంచుకునేవాళ్ల చేతుల్లో పెట్టడమే ఫాస్టరింగ్.

ఇది పెద్ద నగరాల సంగతి అనుకోవడానికి ఇక వీల్లేదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, వీధి కుక్కల్ని పెంచుకోవాలనుకునేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చంది. అలా తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత మాత్రం వాళ్లదేనంది. అదే ఏడాది నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలోని కుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్స చేసి, టీకాలు వేసి, ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది. ఈ మాట 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైన నంద్యాలకూ, ఆ జిల్లాలోనే ఉన్న ఆళ్లగడ్డకూ వర్తిస్తుంది. షెడ్లు కట్టడం ఒక ఎత్తయితే, షెడ్డులో బిక్కుబిక్కుమంటూ ఉండే ప్రాణాన్ని ఇంటికి పనికొచ్చేలా చేయడం మరో ఎత్తు. ఆ రెండో పని జరగాల్సింది ఇళ్లలోనే.

నంద్యాలలో ఒక ఇల్లు అనుకుందాం. నాపరాళ్ల నేల, ముందు వసారా, వెనక పెరడు. ఇంట్లో ఏడేళ్ల టామీ, అటక మీద కాపురముండే పిల్లి. అక్కడికి ఓ బెదురు కుక్క వచ్చింది. వస్తూనే మంచం కిందికి దూరింది. పిల్లలు వంగి వంగి చూస్తారు. నానమ్మ జాలిపడి గిన్నెలో అన్నం పెట్టి ముందుకు జరుపుతుంది. అది ఇంకా వెనక్కి జరుగుతుంది.

అప్పుడు చేయాల్సింది ఒక్కటే... ఏమీ చేయకపోవడం!

మొదటి రెండు వారాలు దానికి వేరే గది, వేరే గిన్నెలు. ఇది భయం గురించి మాత్రమే కాదు. పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులు లోపల ఉండి కొన్నాళ్లకు బయటపడతాయి. టామీకి టీకాలన్నీ పడ్డాయో లేదో ముందే చూసుకోవాలి. కొత్తదాన్ని పశువైద్యుడికి చూపించి నులిపురుగుల మందు పట్టించాలి, రేబిస్ టీకా వేయించాలి. గిన్నె పెట్టేసి పక్కకు వచ్చేయాలి. గదిలో కూర్చుంటే పక్కకు తిరిగి కూర్చోవాలి. కళ్లలోకి సూటిగా చూడటం, తల మీద చెయ్యి వేయబోవడం మనకు ముద్దే. దానికి మాత్రం బెదిరింపు. అది ఆవులిస్తే నిద్ర వస్తోందని కాదు, చాలాసార్లు కంగారుకు గుర్తు. గుర్రుమంటే తిట్టకూడదు. అది చేస్తున్న హెచ్చరిక అదే. ఆ నోరు మూయిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. పిల్లల్ని దానితో ఒంటరిగా వదలకూడదు. పన్ను దిగినా, గోరు గీరుకున్నా సబ్బుతో ధారగా పావుగంట కడిగి ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మూడు రోజులకు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, మూడు వారాలకు ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకు ఇల్లు తనదనుకుంటుందని కుక్కల్ని సాకేవాళ్లు ఓ లెక్క చెబుతారు. బాగా బెదిరిన వాటికి ఈ లెక్క సరిపోదు. నెల దాటినా మంచం కిందే ఉండే కుక్కలుంటాయి.

వాటిని బయటికి తెచ్చేది చాలాసార్లు మనుషులు కాదు, టామీయే. రెండు వారాలయ్యాక ఒకరు పడుకున్న గోనెసంచి మరొకరి దగ్గర వేస్తే చూపుకు ముందే వాసనతో పరిచయమవుతుంది. ఆ తర్వాత ఇంటి బయట, చెరో గొలుసు చెరొకరు పట్టుకుని, కాస్త ఎడంగా ఒకే దిక్కుకు నడిపించాలి. పిల్లికి మాత్రం అటక దారి ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఇక కొత్తది టామీని గమనించడం మొదలుపెడుతుంది. ఈ మనుషుల చేతిలో ముద్ద తింటే ఏమీ కాదన్న సంగతి మనుషులు ఎంత ముద్దు చేసి చెప్పినా నమ్మదు. సాటి కుక్క నిశ్చింతగా తినడం చూస్తే నమ్ముతుంది.

అలాగని టామీ మీద భారమంతా వేయకూడదు. తమ్ముడు పుట్టిన ఇంట్లో పెద్దపిల్లాడి అవస్థే దానిది. ముందు పలకరింపు, ముందు ముద్ద టామీకే దక్కాలి. అది తిండి మానేసినా, మూలన పడుకున్నా కొత్తదాన్ని వెనక్కి పంపడమే న్యాయం. ఇంట్లో ఉన్నది ముసలిదో జబ్బుదో అయితే అసలు తీసుకురాకపోవడమే మేలు.

చప్పుళ్ల సంగతీ చూసుకోవాలి. ఆళ్లగడ్డ శిల్పుల పనిచోట్ల ఉలి చప్పుడు వింటూ పెరిగిన కుక్క దాని పక్కనే పడుకుంటుంది. అదే చప్పుడు హఠాత్తుగా చెవిన పడితే కొత్త కుక్క గోడ దూకుతుంది. దూరం నుంచి, కొద్దికొద్దిగా, రోజూ ఒకే తీరులో వినిపిస్తే ఏ శబ్దమైనా పాతబడుతుంది. అందుకే దీపావళి ముందో, ఇంట్లో పెళ్లి పెట్టుకునో ఈ పని తలపెట్టకూడదు. తొలి వారాల్లో వీధి తలుపు తెరిచి ఉంచడమే పెద్ద ప్రమాదం. బెదిరి పారిపోయిన కుక్క పేరు పెట్టి పిలిచినా రాదు.

అన్నిటికన్నా కష్టమైన రోజు చివర్లో వస్తుంది. ఆళ్లగడ్డలో ఒక కుటుంబం దాన్ని పెంచుకుంటామంది. బస్సులో గంట ప్రయాణం. తీరా పంపే వేళకు పిల్లలు ఏడుస్తారు. నానమ్మే, ఇంకొన్నాళ్లు ఉండనీయరాదూ అంటుంది. ఉంచుకోవడం తప్పేమీ కాదు. కానీ రెండు కుక్కలకు సరిపోయే ఇంట్లో రెండూ స్థిరపడితే, ఆశ్రయంలో గోడకేసి కూర్చున్న మరోదానికి ఈ మంచం కింద చోటుండదు. అత్తారింటికి పంపేందుకే పెంచామనుకున్న పిల్లను పంపేటప్పుడు కన్నీళ్లు రాకుండా ఉంటాయా? వస్తాయి. పంపుతారు.

వెంట పాత గోనెసంచి పంపాలి, ఉతక్కుండా. ఓ కాగితం మీద దాని అలవాట్లు రాసివ్వాలి. ఉప్పూ కారం వేయని అన్నం తింటుంది. ఉల్లిపాయ పెట్టొద్దు. చీపురు ఎత్తితే బెదురుతుంది. కొత్తింట్లో మళ్లీ మొదటి రోజులా ప్రవర్తిస్తుంది, కంగారు పడొద్దు. కాగితం అడుగున పిల్లల చేతిరాతలో ఇంకో మాట: ‘మంచం కింద దూరితే లాగొద్దు. కొన్నాళ్లకు అదే వస్తుంది.’