పిల్లల యోగాలో కప్పలు, పాములు, సింహాలు

అయిదారేళ్ల పిల్లలకు యోగాసనాలను జంతువుల ఆటగా నేర్పడం ఇటీవలి కల్పన అని చాలామంది అనుకుంటారు గాని, హఠయోగ గ్రంథమైన ఘేరండ సంహిత వివరించిన 32 ఆసనాలలో మండూకం, భుజంగం, కుక్కుటం, కూర్మం, ఉష్ట్రం వంటి ప్రాణుల పేర్లు గలవి పన్నెండుకు పైగా ఉన్నాయి.

లోకంలో జీవజాతులెన్నో ఆసనాలూ అన్నే అని కూడా ఆ గ్రంథం చెబుతుంది. ఎంత చక్కని ఊహ!

భుజంగాసనం, అంటే బోర్లా పడుకుని అరచేతులు నేలకు ఆనించి ఛాతీని పైకెత్తే భంగిమ, పెద్దలకు వెన్నెముక వ్యాయామం; పసివాడికి మాత్రం పడగ విప్పమంటే చాలు, తల దానంతటదే లేస్తుంది, బుసకొట్టడంలో శ్వాసను నెమ్మదిగా వదలడమూ అలవడుతుంది.

సింహాసనంలో మోకాళ్లు మడిచి కూర్చుని, నాలుక బయటికి చాపి, గర్జిస్తూ గాలి వదలాలి. తరగతిలో రోజంతా చప్పుడు చేయవద్దని వినే పిల్లలకు అది ఎంత ఊరటో వారి ముఖాలే చెబుతాయి.

ఈ వయసులో భంగిమ కచ్చితంగా రావాలని పట్టుబట్టడం, ఎక్కువసేపు కదలకుండా ఉండమనడం తగదు. శ్వాసను బిగబట్టే కుంభకం, తలకిందులుగా నిలిచే శీర్షాసనం అసలే వద్దు.

జూన్ 21న యోగా దినోత్సవానికి పిల్లలను ఎండలో వరుసలు కట్టించడం కంటే, గది నిండా కప్పలను గెంతనివ్వడమే మేలు.

పిల్లలకు యోగా నేర్పుతున్న తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తమ దగ్గరి పిల్లలు ఏ జంతువును మళ్లీ మళ్లీ కోరుకుంటున్నారో ఇక్కడ రాయగలరు.