ఎర్రదీపం వెలుగుతూనే ఉంది!

"ఏమ్మా, నీ గొంతు ఎప్పుడు వినపడుద్ది?"

రేడియో స్టేషన్‌లో చేరిన కొత్తలో నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఇదే ప్రశ్న. 2012 నాటి మాట. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, ఓ పట్టణంలోని రేడియో స్టేషన్‌లో టెక్నికల్ ఆపరేటర్‌గా కుదిరాను. క్యాజువల్ ఉద్యోగం. ఎన్ని డ్యూటీలు చేస్తే అన్నింటికే డబ్బులు. నాన్న మాత్రం ఊళ్లో ఒక్కటే ముక్క చెప్పాడు... 'మా అమ్మాయి రేడియోలో చేస్తోంది' అని. ఇంకేముంది, రామాలయం అరుగు మీద కూర్చునేవాళ్లంతా నా గొంతు కోసం చెవులు రిక్కించారు!

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నని కూర్చోబెట్టి చెప్పాను. "నేను మాట్లాడను నాన్నా. మాట్లాడేవాళ్లు అద్దానికి అటు వైపు ఉంటారు. నేను ఇటు వైపు. నాది మిషన్ల పని."

"అంటే... పెళ్లిళ్లకి మైకుసెట్టు కట్టేవాడి లాగానా?"

ఒళ్లు మండింది. కానీ ఇప్పుడు ఆలోచిస్తే ఆ పోలికలో పెద్ద తప్పేం లేదనిపిస్తుంది.

నాన్న తరం వాళ్లని అడిగి చూడండి. ఉషశ్రీ గారి ధర్మసందేహాలు గుర్తున్నాయా అంటే ఆ గొంతుని అనుకరించి మరీ చూపిస్తారు. ఏడిద గోపాలరావు, పన్యాల రంగనాథరావు వార్తలు ఎలా చదివేవారో చెబుతారు. మరి ఆ వేళ అద్దం ఇవతల కూర్చుని మైకు తెరిచిందెవరు? ఒక్కరి పేరూ ఎవరికీ తెలీదు. తెలియకపోవడమే ఆ పనిలో గొప్ప. మేం ఉన్నామని శ్రోతకి అనుమానం వచ్చిందంటే ఏదో పొరపాటు జరిగినట్టే.

ముందున్న బల్లని కన్సోల్ అంటారు. దాని మీద పైకీ కిందికీ జరిపే మీటలు, ఫేడర్లు. మైకుకొకటి, పాటలు దాచిన కంప్యూటర్‌కొకటి, సీడీకొకటి, ఫోన్‌కొకటి. ఏది పైకి తోస్తే ఆ శబ్దం ఊళ్లమీదికి వెళుతుంది. పాత పాట సన్నగా వస్తుంది, కొత్త పాట చెవులు పగలగొడుతుంది. ముల్లు ఎర్రగీత దాటకుండా రెంటినీ ఒక్క తీరున వినిపించాలి. తర్వాతి పాటని ముందుగా హెడ్‌ఫోన్‌లో మనం ఒక్కళ్లమే విని చూసుకోవాలి. చెవి ఒక పాట మీద, కన్ను ముల్లు మీద, ఇంకో కన్ను అద్దం అవతలున్న అనౌన్సర్ అక్క చేతుల మీద. ఆమె వేలు గుండ్రంగా తిప్పితే 'ముగించేస్తున్నా' అని. రెండు చేతులూ దూరం జరిపితే 'ఇంకాసేపు సాగదీయి' అని. ఇంట్లో కూడా చెయ్యి తిప్పి మాట్లాడటం అలవాటై అమ్మతో చీవాట్లు తిన్నాను.

అన్నిటికంటే భయం నిశ్శబ్దం. మామూలుగా అయిదు సెకన్లంటే మంచినీళ్లు తాగినంతసేపు కూడా కాదు. రేడియోలో అయిదు సెకన్లు ఏమీ వినపడకపోతే శ్రోత బ్యాటరీలు అయిపోయాయనుకుని సెట్టుని అరచేత్తో చరుస్తాడు. పదో సెకనుకి వేరే స్టేషన్‌కి తిప్పేస్తాడు. అందుకే ఏదైనా మొరాయిస్తే వెంటనే వదలడానికి ఓ వీణ ముక్క ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునేవాళ్లం.

రిటైరయ్యాక కూడా సాయంత్రాలు స్టేషన్‌కి వచ్చి కూర్చునే ఓ పెద్దాయన ఉండేవారు. అందరం మాస్టారూ అనేవాళ్లం. టేపుల కాలం మనిషి. పావు అంగుళం వెడల్పు టేపు, సెకనుకి ఏడున్నర అంగుళాల చొప్పున పరుగెత్తేది. పది నిమిషాల ప్రసంగమంటే 375 అడుగులు! మధ్యలో వక్త దగ్గితే ఆ ముక్కని వెతికి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలూ అతికించేవారట. "దగ్గు ఎంత పొడుగుంటుందో నన్నడుగు. దాదాపు నాలుగంగుళాలు" అని చేతివేళ్లతో కొలిచి చూపించేవారు. "మీకేం, కంప్యూటర్‌లో తప్పు చేసినా వెనక్కి తెచ్చుకుంటారు" అని దెప్పేవారు కూడా. నిజమే, రికార్డింగ్ అయితే వెనక్కి తెచ్చుకోవచ్చు. లైవ్‌లో నోరు జారితే దాన్ని ఏ బ్లేడుతో కోస్తారు?

ఆ తప్పు నేనే చేశాను.

మధ్యాహ్నం రెండు దాటింది. శ్రోతలు కోరిన పాటల కార్యక్రమం. అక్క పాట పేరు చెప్పింది, నేను పాట వదిలాను. వదిలిన వెంటనే మైకు ఫేడర్ కిందికి లాగాలి. కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు నేర్పే పాఠం అది. లాగలేదు. హెడ్‌ఫోన్ గరగరమంటోందని అక్క సైగ చేస్తే వేరే వైరు పట్టుకుని స్టూడియోలోకి పరుగెత్తాను. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. లోపలికి వచ్చేవాళ్లు నోరు మూసుకుని రావాలని చెప్పడానికే దాన్నక్కడ పెట్టారు. నేనే చూడలేదు.

మైకుకి జానెడు దూరంలో వంగి వైరు మారుస్తున్నాను. "ఏంటే, అలా వాడిపోయావ్?" అంది అక్క.

"మూడు నెలల బిల్లు రాలేదక్కా. గది అద్దెకే లేవు. పొద్దున టిఫిన్ మానేస్తున్నా. నాన్నకి మాత్రం చెప్పలేదు."

తిరిగొచ్చేసరికి ఫోన్ మోగుతోంది. ఎవరో పెద్దావిడ. "పాట బాగుందమ్మా. మధ్యలో ఎవరో పిల్ల అన్నం తినలేదంటోంది, ఎవరమ్మా?" కన్సోల్ వైపు చూశాను. మైకు ఫేడర్ పైనే ఉంది.

ఆ సాయంత్రమే పిలిచి అడిగారు. బిల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు కానీ, వారం రోజులు డ్యూటీ వేయలేదు. డ్యూటీ లేదంటే డబ్బులూ లేవు. దానికంటే నాన్న విన్నాడేమోనన్న దిగులే ఎక్కువైంది. ఆ వేళప్పుడు చేలో ఉంటాడు, సెట్టు ఇంట్లో ఉంటుంది, విని ఉండడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రెండోరోజు పొద్దున్నే గది ముందు నాన్న. చేతిలో బియ్యం మూట, గోంగూర పచ్చడి సీసా. "విత్తనాల పనుండి టౌన్‌కి వచ్చాలే" అన్నాడు. ఏ విత్తనాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. హోటల్‌కి తీసుకెళ్లి రెండు ప్లేట్ల ఇడ్లీ తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. బస్సెక్కేముందు నాలుగు మడతల కాగితం చేతిలో పెట్టాడు. అందులో అయిదువేలు. "పెసలు అమ్మాను" అన్నాడు. రేడియో ఊసే ఎత్తలేదు.

ఆ బిల్లు మరో రెండు నెలలకి వచ్చింది. 2014లో ఆ పని మానేసి, జర్నలిజం డిప్లొమా చేసి ఇటొచ్చాను. ఇప్పుడు వారం వారం నా పేరు అచ్చులో చూసి నాన్న చుట్టాలకి చూపిస్తుంటాడు.

కిందటేడు చిన్నాన్న కూతురి పెళ్లిలో అమ్మ మాటల్లో అంది. ఆ ఏడు మా చేలో పెసలు వేయనేలేదట. అమ్మింది పెయ్యదూడని. ఆ రోజు మధ్యాహ్నం నాన్న చేలో లేడు, రామాలయం అరుగు మీదే ఉన్నాడట, అందరితో పాటు సెట్టు ముందు. పక్కింటి తాత "ఒరే, అది మీ అమ్మాయి గొంతులా లేదూ?" అన్నాడట.

"మా అమ్మాయి గొంతు రేడియోలో రాదు బాబాయ్. దానిది మిషన్ల పని" అని, కండువా దులుపుకుని లేచి వచ్చేశాడట నాన్న.