ప్రోటాన్ లోపలి లెక్క

ఆగస్టు 2, శనివారం. విజయవాడ

సూర్యారావుపేటలో బావ మోకాలికి ఎమ్మారై. మొలతాడుకున్న వెండి తాయెత్తు తీయనని పేచీ పెట్టాడు. అక్క గదమాయిస్తే తీశాడు. గది తలుపు మీద 1.5 టెస్లా అని బోర్డు. ఒంట్లో నీళ్ళలోనూ కొవ్వులోనూ ఉన్న హైడ్రోజన్ ప్రోటాన్లు టెస్లాకి 42.58 మెగాహెర్ట్జ్ దగ్గర స్పందిస్తాయి. ఈ యంత్రంలో సుమారు 63.9. ప్రోటాన్ కూడా ఎలక్ట్రాన్‌లా లోపలేమీ లేని బిందువైతే ఆ అంకె 23 దాటకూడదు. లోపల ఏదో ఉందనడానికి సాక్ష్యం బావ మోకాల్లోనే దొరికింది.

ఆగస్టు 3, ఆదివారం

నిన్నటి అంకె వెనక ఉన్నది ప్రోటాన్ అయస్కాంత భ్రామకం. ప్రోటాన్ బిందువైతే, డిరాక్ లెక్కన అది 1 న్యూక్లియర్ మాగ్నెటాన్ ఉండాలి. 1933లో హాంబర్గ్‌లో ఒట్టో స్టెర్న్ బృందం హైడ్రోజన్ అణువుల పుంజాన్ని అయస్కాంతాల మధ్య నుంచి పంపి కొలిస్తే 2కీ 3కీ మధ్య తేలింది. ఇప్పటి విలువ 2.793. స్టెర్న్ యూదుడు. నాజీలు రావడంతో అదే ఏడు జర్మనీ వదిలి వెళ్ళాడు.

న్యూట్రాన్‌ది ఇంకా విడ్డూరం. ఆవేశం సున్నా, భ్రామకం మాత్రం −1.913. లోపల ధన, ఋణ ఆవేశాలు రెండూ ఉండి, మొత్తం మీద చెల్లుకు చెల్లయితే తప్ప ఇది కుదరదు.

ప్రోటాన్ పరిమాణం తేల్చింది స్టాన్‌ఫర్డ్‌లో హాఫ్‌స్టాటర్. 1950లలో వేగంగా పోయే ఎలక్ట్రాన్లను ప్రోటాన్ల మీదికి వదిలాడు. ఎదురుగా ఉన్నది బిందువైతే పెద్ద కోణాల్లోకి చెదరాల్సినన్ని చెదరలేదు. ఆవేశం కాస్త మేర పరుచుకుని ఉందన్నమాట. 1961లో నోబెల్ వచ్చింది. ఆ మేర వ్యాసార్థం ఇప్పటి లెక్కలో 0.84 ఫెర్మీ. ఒక ఫెర్మీ అంటే మిల్లీమీటరులో లక్ష కోట్లో వంతు.

ఆగస్టు 6, బుధవారం

బీఎస్సీ చదివే మేనల్లుడు వచ్చాడు. "మావయ్యా, న్యూట్రాన్ భ్రామకానికి ఈ మైనస్ ఎక్కణ్ణించి వచ్చింది?" అన్నాడు. కాగితం తీసి వాడిచేతే చేయించాను. ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్. న్యూట్రాన్‌లో రెండు డౌన్, ఒక అప్. ఆవేశాలు అప్‌కి 2/3, డౌన్‌కి −1/3. భ్రామకం కోసం, జంటగా ఉన్నదాని ఆవేశాన్ని నాలుగింతలు చేసి, ఒంటరిదాన్ని తీసేసి, మూడుతో భాగించు. ప్రోటాన్‌కి 1, న్యూట్రాన్‌కి −2/3 వచ్చాయి. కొలిచిన భ్రామకాల నిష్పత్తి −0.685. "ఇంత దగ్గరా!" అని వాడు మళ్ళీ చేసి చూసుకున్నాడు. ఆ నాలుగు ఎందుకో తెలియాలంటే స్పిన్ పాఠం చదవాలిరా అన్నాను.

ఆగస్టు 10, ఆదివారం. భీమవరం

శ్రావణమాసపు పెళ్ళికి రైల్లో వచ్చాం. గుడివాడ దాటాక కైకలూరు పొడుగునా చేపల చెరువులే. ఇక్కడికి దగ్గర్లోనే గొరగనమూడి, స్వామి జ్ఞానానంద పుట్టిన ఊరు. 1896లో పుట్టిన ఈ భూపతిరాజు వారబ్బాయి హిమాలయాల్లో తపస్సు చేసి, ఐరోపా వెళ్ళి భౌతికశాస్త్రం పట్టాడు. ప్రాగ్ తర్వాత లివర్‌పూల్‌లో జేమ్స్ చాడ్విక్ దగ్గర పరిశోధన చేశాడు. 1932లో న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్కే ఆయన. స్వామి తిరిగొచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్‌ని నిలబెట్టాడు. అక్కడి ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే.

న్యూట్రాన్ ఆవేశం సున్నా అని మన పిల్లలు గుక్కతిప్పకుండా అప్పజెప్తారు. సున్నాతో పాఠం అయిపోతుంది. రేపు క్లాసులో 2.793, −1.913 బోర్డు మీద రాసి, ఇవి 1, 0 ఎందుకు కాలేదో చెప్పమని అడగాలి.