రెండు వేళ్లతో బెంజో

ఈసారి పురుగుమందుల గురించి కాదు, బెంజో కొన్న కథ. నవ్వేవాళ్లు నవ్వుకోండి.

మూడేళ్ల కింద గడ్డి కోసే మిషన్లో నా కుడిచెయ్యి పడింది. ఉంగరం వేలు, చిటికెన వేలు పోయాయి. (గడ్డి ఇరుక్కుంటే ముందు మోటారు ఆపండి, తర్వాతే లాగండి. నేను ఆపలేదు.) పొలం పనులు ఎలాగో చేసుకుంటున్నా గానీ, రామాలయంలో శనివారం భజనకు హార్మోనియం నాదే. అది పోయింది. ఎడంచేత్తో వాయిద్దామని చూశా. ముప్పై ఏళ్ల అలవాటు, చెయ్యి మారనివ్వలేదు. ఆర్నెల్లు గుడి వైపే వెళ్లలేదు.

మా తమ్ముడి కొడుకు ఫోన్లో ఏదో చూపించాడు. టెనర్ బెంజో అంట. గుండ్రంగా, డప్పులాగా మూత బిగించి, పొడవాటి మెడ మీద నాలుగు తీగలు. ఐర్లండ్ వాళ్లు దాంతో డ్యాన్సు పాటలు వాయిస్తారు. కుడిచేత్తో బొటనవేలు, చూపుడువేలు మధ్య చిన్న బిళ్ల పట్టుకుని మీటడమే. ఆ రెండూ నాకున్నాయిగా! ధర అడిగితే పాడిగేదె ధర చెప్పాడు. ఆ మాట అక్కడే వదిలేశా.

అప్పుడు చిన్నప్పటి తిరనాళ్లలో చూసిన మన బెంజో గుర్తొచ్చింది. టైపు మిషన్‌లా మీటలుంటాయి చూడండి, బుల్‌బుల్ తరంగ్, అది. పేరే బెంజో గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. జపాన్లో నగోయా ఊళ్లో మొరితా గోరో అనే ఆయన 1912లో తైషోగోతో అని ఒకటి చేశాడు, మనది దాని సంతానం. ఎడంచెయ్యి మీటలు నొక్కాలి, కుడిచెయ్యి బిళ్ల పట్టాలి. కొత్త వాద్యం కాబట్టి పాత అలవాటు అడ్డు రాదు.

మినుములు అమ్మిన డబ్బులో మూడు వేలు తీశా. "ఎరువుల డబ్బు అది" అంది మా ఇంటావిడ. ఆమె మాటా నిజమే.

విజయవాడ షాపులో రెండు పెట్టారు. ఒకటి 5,200, కరెంటుది, రంగులు మెరిసిపోతున్నాయి. ఇంకోటి 2,300. మెరిసేదాని మీటలు నొక్కితే రెండు పైకి లేవలేదు, లోపల స్ప్రింగులు మెత్తబడ్డాయి. పక్కకు కదిపితే కొన్ని ఊగుతున్నాయి. అలా ఊగేది తీగను సూటిగా నొక్కదు, జుయ్యిమంటుంది. రెండోదానికి మీటలన్నీ లేచాయి. తర్వాత అసలు పరీక్ష. తీగను వట్టిగా మీటి, తెల్లవీ నల్లవీ కలిపి పన్నెండో మీట నొక్కి మీటాను. అదే స్వరం పై స్థాయిలో పలకాలి. కొంచెం తేడా ఉంటే బ్రిడ్జి జరిపి సరిచేయొచ్చు, బ్రిడ్జి మేకు కొట్టేసి ఉంటే మాత్రం కొనకండి. దీనికి పలికింది. చివరగా మరలు తిప్పి శృతి చేసి, పక్క షాపులో టీ తాగొచ్చి మళ్లీ మీటాను. పెద్దగా దిగలేదు. షాపతను విసుక్కున్నాడు గానీ, పశువుల సంతలో మనం పళ్లు చూడకుండా ఎద్దును కొంటామా? రెండు వేలకు ఇచ్చాడు, తీగలు ఒక సెట్టు అదనం.

రెండు నెలలు పశువులపాకలో సాధన చేశా. మొన్న శనివారం గుడికి వెళ్లా. మూడో పాటలో తీగ తెగింది. డోలక్ వాయించే మా బావ ఆపకుండా, "కానీ, ఉన్నదాంతోనే కానీ" అన్నాడు. కానిచ్చాను.

ఎవరి అటకమీదైనా పాడైన పాత బెంజో ఉంటే చెప్పండన్నా. స్ప్రింగులు కావాలి, ఊరికే వద్దు, కొనుక్కుంటా.