క్యాండీ వెళ్తే ఆ చెక్క స్తంభాల మండపం చూడండి

శ్రీలంక వెళ్లే మనవాళ్లు చాలామంది క్యాండీలో దంతధాతువు గుడి చూసి, సరస్సు దగ్గర ఫొటోలు దిగి బస్సెక్కేస్తారు. కాస్త ఆగండి.

ఆ గుడి ఉన్నది రాజప్రాసాదం ఆవరణలోనే. బుద్ధుడి దంతం ఎవరి దగ్గరుంటే రాజ్యం వాళ్లదని నమ్మకం మరి! సాయంత్రం పూజకి వెళ్లండి. కింద డోళ్లు మోగుతుంటాయి. తెల్లబట్టలు కట్టుకున్న జనం కలువపూలు పట్టుకుని మెట్లెక్కుతుంటారు. పైన గది తలుపులు తీస్తారు గానీ దంతం కనబడదు, దాన్ని దాచిన బంగారు భరిణె మాత్రమే కనిపిస్తుంది. అదీ కొద్ది క్షణాలే, వెనక జనం తోసుకొస్తుంటారు.

నన్ను కదిలించింది ఇంకోటి. 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలింది మధుర నుంచి వెళ్లిన నాయక వంశం. వాళ్ల మూలాలు తెలుగువి. ఆ వంశంలో హిందువుగా పుట్టిన కీర్తి శ్రీ రాజసింహుడు 1753లో సయాం (నేటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువులను రప్పించి, లంకలో ఆగిపోయిన ఉపసంపద దీక్షను, అంటే పూర్తిస్థాయి భిక్షువుగా చేసే దీక్షను మళ్లీ నిలబెట్టాడు. ఎంత పెద్ద మనసు!

గుడి పక్కనే చెక్కడాల చెక్క స్తంభాలతో రాజసభా మండపం ఉంది. 1815 మార్చి 2న రాజ్యాన్ని ఇంగ్లిషువాళ్లకు అప్పగించింది అక్కడే. చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి బందీగా వేలూరు తరలించారు. 1832లో అక్కడే పోయాడు.

వేలూరు ఆసుపత్రికి మన జిల్లాల నుంచి ఎంతోమంది వెళ్తుంటారు. వీలైతే పాలారు ఒడ్డున ముత్తు మండపం దగ్గర ఆగండి, ఆయన సమాధి అక్కడే ఉంది.