ఫారంలో ఒక ప్రశ్న

నేను నాలుగో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. తప్పు చేసిన పిల్లలకు నేను రోజూ చెప్పే మాట ఒకటే: "నిజం చెప్తే టీచర్ తిట్టదు." అలాంటి నేను కిందటేడు ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు అబద్ధం ఆడాను.

కుక్క ఉన్నవాళ్లకు హైదరాబాద్‌లో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే, "ఎంతమంది ఉంటారు? ఏం చేస్తారు?" అని మొదలై, "కుక్కలుంటే వద్దండీ" దగ్గర మాట ఆగిపోయేది. ఆరు ఇళ్లు అలాగే పోయాయి. ఏడో ఇంటి ఓనర్ అంకుల్ "కుక్కలూ పిల్లులూ ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగితే "లేవంకుల్" అనేశాను. సామాన్లు దిగాక నాలుగో రోజు రాత్రి, అందరూ పడుకున్నాక, అమ్మా నేనూ బ్రౌనీని మెల్లగా పైకి తెచ్చుకున్నాం. వారంలోపే అంకుల్‌కి తెలిసిపోయింది. ఖాళీ చేయమనలేదు. కానీ అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడలేదు.

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం గ్రిల్ గేటు గడియ వేయడం మర్చిపోయాను. పై అంతస్తు బాబు, ఏడేళ్లవాడు, బంతి కోసం మెట్లు దిగి పరుగెత్తాడు. బ్రౌనీ వెంటపడి పిక్క పట్టుకుంది. గాయం చిన్నదే, కానీ రక్తం వచ్చింది. కుళాయి కింద పెట్టి పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి ఆస్పత్రికి పరుగెత్తాం. డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "కుక్కకు టీకా వేయించారా?" వేయించాం అన్నాను. ఇంటికొచ్చి కార్డు తీసి చూస్తే, గడువు దాటి నాలుగు నెలలైంది.

బాబుకి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చారు. 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసుల టీకా అన్నారు. కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండమన్నారు. ఆ పది రోజులూ బ్రౌనీ తిందా, నీళ్లు తాగిందా అని చూడటమే నా పని అయింది. దానికేమీ కాలేదు. ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. బాబు వాళ్లమ్మ అరవలేదు. "మీరు టీచర్ కదండీ" అంది, అంతే.

డాలస్‌లో ఉన్న మా అక్కకి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. "ఇక్కడైతే అద్దెకు దిగేటప్పుడే రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసుకోమంటాయి చాలా అపార్ట్‌మెంట్లు. మన కుక్క ఎవరినైనా కరిస్తే వాళ్ల వైద్యం ఖర్చు చాలా పాలసీల్లో అందులోంచే వస్తుంది. కానీ ఏ జాతి కుక్క, ఇంతకుముందు కరిచిందా అని ముందే అడుగుతారు. కొన్ని జాతులుంటే కొన్ని కంపెనీలు అసలు ఇవ్వవు" అంది.

మన దగ్గర ఏముందో చూశాను. 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ ఉంది. అద్దెకుండేవాళ్లు కూడా ఇంట్లో సామాన్ల వరకు తీసుకోవచ్చు. అగ్నిప్రమాదం, వరద, తుఫాను, భూకంపం లాంటివాటి నష్టం వస్తుంది. కుక్క కరిస్తే అవతలివాళ్లకు అయ్యే ఖర్చు అందులో రాదు. దానికి కుక్కల ఇన్సూరెన్స్ వేరే ఉంది. కొన్నింటిలో కుక్క వైద్యంతో పాటు, అది ఇతరులకు చేసిన గాయానికి మనం కట్టాల్సిన పరిహారం కూడా కొంత పరిమితి వరకు ఇస్తారు. దాన్నే థర్డ్ పార్టీ కవర్ అంటారు. నాకు కావాల్సింది అదే.

బ్రౌనీకి టీకా వేయించి ఫారం నింపడం మొదలుపెట్టాను. పేరు, వయసు, టీకా తేదీ. తర్వాత ఒక ప్రశ్న: ఈ కుక్క ఇంతకుముందు ఎవరినైనా గాయపరిచిందా? ఫోన్‌లో సాయం చేస్తున్న ఏజెంట్, "లేదు అని పెట్టేయండి మేడమ్, ఎవరూ చూడరు" అన్నాడు. నాకు నా "లేవంకుల్" గుర్తొచ్చింది. అవును అని రాశాను. పాలసీ వచ్చింది, థర్డ్ పార్టీ కవర్ మాత్రం ఇవ్వలేదు.

బాధేసింది. కానీ లేదని రాసి ఉంటే, రేపు క్లెయిమ్ పెట్టినప్పుడు దాచిన సంగతి బయటపడి వాళ్లు డబ్బు ఇవ్వకపోవచ్చు. అప్పుడు పాలసీ ఉందన్న ధైర్యం ఒక్కటే మిగిలేది నాకు.

ఆ ఆదివారం ఓనర్ అంకుల్ దగ్గరికి వెళ్లి, ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ముందే చెప్పి ఉంటే గేటుకి స్ప్రింగ్ పెట్టించేవాణ్ని కదమ్మా" అన్నారు. పదకొండు నెలల అగ్రిమెంట్ మళ్లీ రాసేటప్పుడు మూడు మాటలు చేర్చాం: కుక్కకు ఏటా టీకా, మెట్ల మీద గొలుసు, నష్టం జరిగితే నాదే బాధ్యత. జీహెచ్‌ఎంసీ లైసెన్సు కూడా తీసుకున్నాను.

ఇంట్లో కుక్క ఉన్న తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ రోజే టీకా కార్డు తీసి తేదీ చూడండి. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉంటాయి. పాలసీ తీసుకునేముందు థర్డ్ పార్టీ కవర్ ఉందో లేదో అడగండి, ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. కుక్క ఎవరిదైనా సరే, కరిచినా, పన్ను గీసుకున్నా ఇంట్లో దాచొద్దని పిల్లలకు చెప్పండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో టీకా ఉచితంగా వేస్తారు.

పై అంతస్తు బాబు ఇప్పటికీ మా గుమ్మం దగ్గరికి రాగానే అవతలి గోడకు ఆనుకుని దిగుతాడు. వాడు కిందికి వెళ్లేదాకా నేను గొలుసు పట్టుకుని లోపలే నిలబడతాను.