గంపలో ఈతపండ్లు
ఎల్బీనగర్ చౌరస్తాలో ఓ అవ్వ గంపలో ఈతపండ్లు పెట్టుకుని కూర్చుంది. పక్కనే తోపుడుబండి మీద అరబ్బు దేశాల ఖర్జూరాలు. గింజే తప్ప గుజ్జు లేదని ఈతను తీసిపారేస్తాం గానీ, రెండూ దగ్గరి చుట్టాలే! నీటి జాడ పట్టడంలోనూ అంతే. ఎడారిలో ఖర్జూర వనం కనిపిస్తే ఊట ఉన్నట్టే. కాలిఫోర్నియాలో పామ్ స్ప్రింగ్స్ దగ్గర, నేల అడుగున రాతిపొరలు చీలి నీరు పైకి ఉబికే చోట, తాటాకుల్లాంటి ఆకులున్న చెట్లు వనాలుగా పెరిగాయి. మన ఈతవనాలేమో వాగు ఒడ్డున, చెరువుల కింద. 1626లో కట్టిన సరూర్‌నగర్ చెరువు కింద మాత్రం ఇప్పుడన్నీ కాలనీలే. 2020 అక్టోబరు వానలకు అక్కడి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి.

‘ఎక్కడివవ్వా ఈ పండ్లు?’

‘మా ఊరి వాగు ఒడ్డువి బిడ్డా, తిని చూడు’ అంటూ గుప్పెడు చేతిలో పోసింది.